వేలిముద్రలూ, విమానయానమూ

వేలిముద్ర అన్న మాటకు మన వాడుకలో ఒక న్యూనార్థం ఉన్నది. సంతకం చేసేవాడు చదువుకున్నవాడు. వేలిముద్ర వేసేవాడు నిరక్షరాస్యుడు. తెలంగాణా పల్లెలలో దీనినే నిశానీ అంటారు. పూర్వం పట్వారీ ముందో, సాహుకారు ముందో కూర్చుండి, బొటనవ్రేలికి సిరా పూసుకొని కాగితంమీద ఒత్తిన రైతుకు ఆ కాగితంలో ఏమి వ్రాసి ఉన్నదో తెలియదు. తన వ్రేలు తనను పట్టి ఇస్తుందని మాత్రం తెలుసును. తమ పిల్లలు నిశానీ బ్రతుకు బ్రతుకరాదనే గదా ఆ తరంవారు కడుపు కట్టుకొని వారిని బడికి పంపినది! కాలం ఎట్లా తిరిగినదో చూడండి. ఈనాడు విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకున్నవారు, పుస్తకాలు వ్రాసినవారు సైతం వేలిముద్ర వేయక తప్పడం లేదు. సిరా లేదు, కాగితం లేదు. గాజుపలకమీద వ్రేలు ఆనిస్తే చాలును.

ఈ గాజుపలక ఎదురయ్యే చోట్లలో విమానాశ్రయం ఒకటి. విమానమంటే కలిగినవారి సంగతి అని తోసివేయడానికి ఇప్పుడు వీలులేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఆ మాట అసలే చెల్లదు. రైలు ఎక్కి ఎరుగని ముసలమ్మకు గూడ అక్కడ షంషాబాదు తెలుసును. కొడుకునో, మనుమనినో సాగనంపడానికి అద్దెబండిలో సుమారు 200 కిలోమీటర్లు పోయి, అద్దాల గోడకు ఇవతల నిలిచి, లోపల కనుమరుగైన బిడ్డకొరకు చాలాసేపు చేయి ఊపి వచ్చినది. ఆ సీమవారు తమ బ్రతుకుతెరువును మూడు మాటలలో చెప్పుకుంటారు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. సింగరేణి గనులు కొందరికి, బొంబాయి, భీవండి మగ్గాలు కొందరికి అన్నం పెట్టినవి. 1970 దశాబ్దిలో గల్ఫు దేశాలలో చమురు ధనం పెరిగి కట్టడాల పని విస్తరించిన నాటినుండి మూడవ మాట మొదటిమాట అయినది. దుబాయి అంటే ఒక్క దుబాయి కాదు. మస్కటు, కువైటు, దోహా, రియాదు అన్నీ ఆ మాటలో ఇమిడిపోయినవి. మొదట్లో బస్సెక్కి బొంబాయి పోయి అక్కడ విమానం ఎక్కేవారు. తరువాత హైదరాబాదులోని బేగంపేటనుండి, 2008 మార్చి 23 మొదలు షంషాబాదునుండి పోతున్నారు.

విమానం ఎక్కబోయే మనిషిని విమానాశ్రయం రెండు ప్రశ్నలు అడుగుతుంది. నీ వద్ద ఏమున్నది? నీవు ఎవరు? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే యంత్రాలు వేరు, రెండవదానికి వేరు. మొదటి ప్రశ్న అందరికీ ఒక్కటే. రెండవ ప్రశ్నను అందరినీ ఒకే తీరుగా అడగడం లేదు. నేను చెప్పదలచినది ముఖ్యంగా ఈ రెండవ ప్రశ్న గురించి. అయినా మొదటిదాని సంగతి కొంత చెప్పి ముందుకు పోతాను. ఇండ్లలో ప్రయాణపు పెట్టెలు సర్దేవారికి అది పనికివస్తుంది.

ప్రయాణికులను సోదా చేయడం విమానాలు పుట్టిననాటి ఆచారం కాదు. బస్సు ఎక్కినట్లే విమానమూ ఎక్కేవారు. 1960 దశాబ్ది చివర విమానాలను బెదిరించి దారి మళ్ళించే దౌర్జన్యాలు పెచ్చుపెరిగినవి. 1971 జనవరి 30న 'గంగ' అనే మన చిన్న విమానాన్ని లాహోరుకు మళ్ళించి, తరువాత తగులబెట్టినారు. అమెరికాలో 1973 జనవరినుండి ప్రయాణికులందరినీ, వారి చేతిసంచులనూ వెదకడం తప్పనిసరి అయినది. 1985 జూన్ 23న మన 'కనిష్క' విమానం అట్లాంటిక్ సముద్రంమీద బాంబు ప్రేలి కూలినది. 329 మంది మరణించినారు. బాంబు ఉన్న పెట్టె విమానం ఎక్కినది, ఆ పెట్టెగలవాడు ఎక్కలేదు. మనిషి ఎక్కనిదే అతని పెట్టెను ఎక్కించరాదన్న నియమం ఎంత అవసరమో లోకానికి ఆనాడు బోధపడినది. 1999 డిసెంబరు 24న ఖాట్మండునుండి వస్తున్న మన విమానాన్ని కాందహారుకు తీసుకొనిపోయిన పిమ్మట, 2000 సంవత్సరంనుండి మన విమానాశ్రయాల రక్షణను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగిస్తూ వచ్చినారు.

ద్వారబంధం వంటి చట్రంగుండా మనలను నడిపిస్తారు గదా, అది లోహాన్ని పసికట్టే సాధనం. చట్రంలోని తీగచుట్టలలో విద్యుత్తు క్షణక్షణం మారుతూ పారుతుంది. దానితో చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రమూ మారుతుంది. ఆ క్షేత్రంలోకి లోహం వచ్చినప్పుడు లోహంలోపల గూడ చిన్న విద్యుత్ సుడులు పుట్టి, వాటి జాడ మరల చట్రానికి తెలియవస్తుంది. అంతే. అది కత్తియో, తాయెత్తో చట్రం ఎరుగదు. వెండి మొలతాడు, బెల్టు బిళ్ళ, సారువమీదనుండి పడి విరిగిన కాలిలో వైద్యులు వేసిన ఉక్కుకడ్డీ, అన్నిటికీ ఒకటే కూత. కాలిలో కడ్డీ ఉన్నవారు వైద్యుని చీటీ వెంట ఉంచుకుంటే అక్కడ మాటలు తగ్గుతవి.

సంచులను చూచేది ఎక్స్‌రే యంత్రం. ఆసుపత్రి ఎక్స్‌రే వలె ఇది నలుపు తెలుపు బొమ్మ కాదు. రెండు వేర్వేరు శక్తులు గల కిరణాలను పంపి, ఏ వస్తువు ఎంతమేరకు వాటిని మ్రింగినదో లెక్కకట్టి, తెరమీద రంగులు వేస్తుంది. ఉక్కు, రాగి వంటి లోహాలు నీలంగాను, బట్ట, కాగితం, నూనె, తిండిపదార్థాలు నారింజరంగుగాను, మధ్యరకం సరుకులు ఆకుపచ్చగాను కనిపిస్తవి. చిక్కు ఎక్కడ వచ్చినదనగా, ప్రేలుడు పదార్థాలలో అనేకం ఈ నారింజరంగు జాతిలోనివే. అమ్మ జాడీలోనుండి తీసి మూతకు గుడ్డ చుట్టి ఇచ్చిన మామిడికాయ తొక్కు, నెయ్యి సీసా, తెరముందు కూర్చున్నవానికి దట్టమైన నారింజ ముద్దలు. వాటిని చేతిసంచిలో కాక పెద్దపెట్టెలో పెట్టుకొమ్మని చెప్పేది ఇందుకే.

ఇంతకంటె ముఖ్యమైనవి గసగసాలు. మన వంటింటిలో అవి మసాలా దినుసు. దావత్ కూరకు అవి లేనిదే చిక్కదనం రాదు. నల్లమందు మొక్క గింజలు గనుక గల్ఫు దేశాలలో పలుచోట్ల అవి నిషిద్ధవస్తువు. కాసిన్ని గసగసాలు పెట్టెలో దొరికి భారతీయులు జైలుపాలైన సందర్భాలున్నవి. ఇక్కడి యంత్రం వాటిని పట్టుకోదు; పట్టుకోవలసిన పనీ దానికి లేదు, మనదేశంలో అవి అంగడి సరుకే. అక్కడ దిగిన తరువాతనే సంగతి తెలుస్తుంది. కొడుక్కు మసాలా కట్టి ఇచ్చే తల్లులు, మన ఊరివాడే గదా అని పరాయివాని పొట్లం పెట్టెలో పెట్టుకునే కుర్రవారు ఈ ఒక్క ముక్క జ్ఞాపకం పెట్టుకోవలెను.

ఇక రెండవ ప్రశ్న. నీవు ఎవరు? దీనికి చాలాకాలం కాగితమే జవాబు చెప్పినది. పాస్‌పోర్టులో పేరు, పుట్టినతేదీ, ఛాయాచిత్రం. పేరు మార్చవచ్చును, తేదీ మార్చవచ్చును, ఒకరి పుస్తకంలో ఇంకొకరి బొమ్మ అంటించిన ఘనులూ ఉన్నారు. అందుచేత మార్చడానికి వీలుకాని గుర్తు దేహంమీదనే వెదకవలెనన్న ఆలోచన వచ్చినది. ఈ ఆలోచన మనదేశంలోనే పెరిగి పెద్దదైనదంటే కొందరికి వింతగా ఉండవచ్చును. 1858లో బంగాళంలోని జంగీపూరులో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు సామగ్రి సరఫరా చేయడానికి ఒప్పుకున్న రాజ్యధర కొనాయి అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం వెనుక అరచేతి ముద్ర వేయించినాడు. అది శాస్త్రం కాదు, మాట తప్పకుండా ఉండటానికి ఒక బెదురు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడినది. లోకంలో అటువంటిది అదే మొదటిది. వేలకొలది ముద్రలలోనుండి కావలసినదానిని వెదకి తీయడానికి వీలుగా వర్గీకరణకు లెక్క కుదిర్చినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు మనవారు. పేరు మాత్రం వారి పై అధికారి హెన్రీది అయినది. ఇటువంటివి ఆ కాలంలో కొత్తగావు.

దీనికి ఇంకొక ప్రక్క ఉన్నది. 1906లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్సువాలు ప్రభుత్వం, అక్కడి ఆసియావాసులందరూ వేలిముద్రలు ఇచ్చి పేర్లు నమోదు చేయించుకొనవలెనని చట్టం తలపెట్టినది. ఆ సంవత్సరం సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గులో భారతీయులు సభ చేసి, లొంగబోమని ప్రతిజ్ఞ చేసినారు. గాంధీగారి సత్యాగ్రహానికి అది నాంది. అయితే 1908 ఆరంభంలో రాజీ కుదిరి, నమోదు స్వచ్ఛందమన్నప్పుడు, గాంధీగారు ముందుగా తామే బయలుదేరినారు. దారిలో ఒక పఠాను చేతిలో దెబ్బలు తిని, పడకమీదనుండే ముద్రలు ఇచ్చినారు. ప్రభుత్వం మాట నిలుపుకోలేదని తేలినమీదట, ఆ ఆగస్టు 16న ఆ నమోదు పత్రాలనే జనం మంటలో వేసినారు. అంటే ఆయన అభ్యంతరం సిరాకు కాదు, వ్రేలికి కాదు. ఒక జాతివారిని మాత్రం నేరస్థులవలె నిలబెట్టి బలవంతంగా అడగడం ఆయనకు సమ్మతం కాలేదు. ఆ పట్టింపును మనసులో ఉంచుకొని ఈనాటి యంత్రాలను చూడవలెను.

యంత్రం వ్రేలి బొమ్మనంతటినీ పోల్చిచూడదు. వ్రేలికొనమీద చాళ్ళవలె ఉండే గీతలు ఎక్కడ తెగినవి, ఎక్కడ చీలి రెండైనవి, ఆ స్థలాలు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నవి అన్నది అంకెలుగా వ్రాసుకుంటుంది. మరల మనిషి వచ్చినప్పుడు ఆ అంకెలకూ ఈ అంకెలకూ ఎంత పొత్తు కుదిరినదో చూస్తుంది. పూర్తిగా ఎన్నడూ కుదరదు. వ్రేలు తడిగా ఉండవచ్చును, వంకరగా ఆనించవచ్చును. కాబట్టి ఇంతమేరకు కుదిరితే చాలునని ఒక హద్దు పెడతారు. ఇది జల్లెడ పట్టడం వంటిది. కన్ను పెద్దదైతే తాలు గింజ గూడ జారిపోతుంది. చిన్నదైతే మంచిగింజ సైతం పైన నిలిచిపోతుంది. ఈ రెండు తప్పులలో ఒకటి తగ్గిస్తే రెండవది పెరుగుతుంది. ఏ తప్పు తక్కువ కావలెనన్నది యంత్రం నిర్ణయించేది కాదు, యంత్రాన్ని నెలకొల్పినవారు నిర్ణయించేది.

అడిగే తీరు గూడ రెండు విధాలు. 'నేను ఫలానావాడను' అని మనిషి ముందుకు వస్తే, ఆ ఫలానావాని గుర్తుతో మాత్రమే పోల్చడం ఒకటి. ఇది ఒకరికి ఒకరు. 'ఇతడు ఎవరైనా కానివ్వండి, రాకూడదన్నవారి పట్టికలో ఉన్నాడా?' అని లక్షలమందితో పోల్చడం రెండవది. ఇది ఒకరికి అనేకులు. మొదటిదానిలో యంత్రం మనిషి మాట నిజమో కాదో చూస్తుంది. రెండవదానిలో మనిషి ఏమి చెప్పినా వినదు.

ఐక్య అరబ్ ఎమిరేట్సు ఈ రెండవ పద్ధతిని ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే చేపట్టినది. అందుకు వారు ఎన్నుకొన్నది వ్రేలు కాదు, కన్ను. కంటిపాప చుట్టూ రంగుగల వలయం ఒకటి ఉన్నది గదా, దానిని ఐరిస్ అంటారు. అందులోని పోగులు, గుంటలు, చారలు తల్లి గర్భంలోనే ఏర్పడి ఉంటవి. ఒకే మనిషి రెండు కండ్లకు సైతం పోలిక ఉండదు, కవలపిల్లలకూ అంతే. కేంబ్రిడ్జిలో పనిచేసిన జాన్ డాగ్మన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ వలయాన్ని 2,048 సున్నలు, ఒకట్లుగా వ్రాసే పద్ధతిని కనిపెట్టి, 1994లో హక్కు పొందినాడు. కంటికి కనిపించని పరారుణ కాంతిలో బొమ్మ తీస్తారు గనుక నల్లని కండ్లలో గూడ పోగులు స్పష్టంగా తేలుతవి. ఆ దేశంనుండి బహిష్కరించి పంపివేసేవారి కండ్లను ముందుగా ఇట్లా వ్రాసుకుంటారు. తరువాత కొత్త పేరుతో, కొత్త పాస్‌పోర్టుతో దిగినా, విమానాశ్రయంలో కన్ను చూచి కొద్ది క్షణాలలో పోల్చివేస్తారు. కొందరు కంటిపాప విప్పారే మందు చుక్కలు వేసుకొని వచ్చి, రంగువలయం సన్నగిల్లేటట్లు చేసి తప్పించుకోజూచినారు. పాప వలయంలో ఎంత భాగం ఆక్రమించినదో కొలిచి, అట్టివారిని వెనుకకు నిలుపుతున్నారు.

ఇంతవరకు యంత్రం తెలివి. ఇప్పుడు వ్రేళ్ళ సంగతికి, కోరుట్లకు రండి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, మెట్‌పల్లి ప్రాంతాలలో మగవారు గల్ఫుకు పోతే, ఇల్లు నడిపేది చాలావరకు బీడీల చాట. సిరిసిల్లలో సాంచాల చప్పుడు ఎట్లాగో, ఈ ఊళ్ళ అరుగులమీద కత్తెరల చప్పుడు అట్లాగు. తునికాకును తడిపి, గుడ్డలో చుట్టి మెత్తబరచి, కొలతకు కత్తిరించి, పొగాకుపొడి పోసి, రెండుచేతుల వ్రేళ్ళతో చుట్టి, దారం కట్టి, మూతి మలుస్తారు. కూలి వేయి బీడీలకు ఇంత అని లెక్క. వేయిసార్లు ఆ ఆకు వ్రేలికొనలమీద దొర్లుతుంది. మరునాడు మరల వేయిసార్లు. పదిపదిహేను సంవత్సరాలు గడిచేసరికి వ్రేలికొనలు నునుపెక్కి, గీతలు కంటికే ఆనవు.

కోరుట్లలో ఒక ఇంటి అరుగుమీద నాకు ఒక పెద్దామె తన చేతులు చాచి చూపినది. బొటనవ్రేలు, చూపుడువ్రేలు గాజువలె మెరుస్తున్నవి. "రేషన్ దుకాణంల మిషిను నా వేలు పట్టది సారూ. నాలుగు దినాలు తిరిగిన. సబ్బుతోటి కడుగుమంటరు, నూనె రాయమంటరు, రేపు రమ్మంటరు" అన్నది. ఆమె ఇరవై ఏండ్ల వయసునుండి బీడీలు చుట్టుతున్నది. ఆమె చుట్టిన బీడీలలో వంకరదానిని కార్ఖానాలో ఇట్టే గుర్తుపట్టి ఏరిపారవేస్తారు. ఆమెను మాత్రం యంత్రం గుర్తుపట్టలేదు. ఇందులో యంత్రం చెడిపోయినది లేదు, ఆమె చేసిన తప్పూ లేదు. గుర్తు అరిగినది, అంతే. చిత్రమేమనగా, కొన్నివారాలు పని మానితే పైచర్మం మరల పుట్టి, గీతలు తేరుకుంటవి. పని మానితే కూలి పోతుంది. కాబట్టి ఆమె ఆమే అని రుజువు కావడానికి ఆమెకు కూలి ఉండరాదు.

ఈ మాట ఇక్కడ ఎందుకు చెప్పుతున్నానంటే, ఆమె పొగొట్టుకొని బాధపడుతున్న దానినే, పోగొట్టుకొనడానికి డబ్బు ఇచ్చినవారు మన తెలుగు నేలమీదనే ఉన్నారు. 2022 ఆగస్టు చివర హైదరాబాదు ప్రక్కన ఘట్‌కేసర్ ప్రాంతంలో రాచకొండ పోలీసులు నలుగురిని పట్టుకొన్నారు. అందులో కడపవైపునుండి వచ్చినవారున్నారు. ఒకడు ఎక్స్‌రేలు తీసేవాడు, ఒకడు మత్తుమందు ఇచ్చే విభాగంలో పనిచేసినవాడు. కువైటునుండి బహిష్కృతులై వచ్చి, తిరిగి అక్కడికే పోవాలని కోరే కూలీల వ్రేలికొనలు కోసి, పైపొరను ఎత్తి, క్రింది కండలో కొంత తీసివేసి, మరల కుట్టివేయడం వారి వ్యాపారం. మనిషికి 25,000 రూపాయలు. అప్పటికే 11 మందికి చేసినట్లు పోలీసులు ప్రకటించినారు. గాయం ఒకటి రెండు నెలలలో మానుతుంది. ఏడాదికి కొత్త గీతలతో, పాత పట్టికలో చిక్కకుండా పోవచ్చునని ఆశ.

శరీరధర్మం తెలిసినవారు ఈ ఆశ ఎంత బలహీనమో చెప్పగలరు. వేలిగీతలకు మూలం పైచర్మంలో లేదు. దాని అడుగుపొరలోని మిట్టపల్లాలలో ఉన్నది. పైపైన గీసుకుంటే పాత గీతలే తిరిగి వస్తవి. లోతుగా కోస్తే మచ్చ పడుతుంది, ఆ మచ్చయే కొత్త గుర్తు అవుతుంది. పైగా పది వ్రేళ్ళు ఇచ్చినవాడు పదింటినీ కోయించుకొనవలెను. కూలిచేసుకొని బ్రతికేవానికి వ్రేళ్ళకంటె వేరే ఆస్తి ఏమున్నది? పట్టును, స్పర్శను పణంగా పెట్టి, పలుగు, తాపీ పట్టడానికి పోయే ప్రయాణం ఇది. పట్టుబడినవారిమీద చట్టం తన పని చేసినది. ఆ బల్లమీద చేయి చాచినవాడు ఏ దశలో అక్కడికి వచ్చినాడో మాత్రం మనం ఆలోచించవలెను.

ఆ దేశాలలో కూలి యజమానిని కఫీల్ అంటారు. వీసా అతని పేరనే. అకామా అనే నివాసపు చీటీని అతడు మార్పించకపోతే కూలివాడు చట్టవిరుద్ధుడవుతాడు. జీతం ఇవ్వక సతాయిస్తే, పాస్‌పోర్టు యజమాని వద్దనే విడిచి పారిపోయి, మరొకచోట చాటుగా పనిచేస్తాడు. మనవారు దీనిని 'ఖల్లివెల్లి' అయిపోవడం అంటారు. అరబ్బీనుండి వచ్చిన ఈ మాట కరీంనగరు వైపు పల్లెలలో పిల్లలకు గూడ తెలుసును. ఏదో ఒకనాడు పట్టుబడితే, వ్రేళ్ళూ కండ్లూ వ్రాసుకొని పంపివేస్తారు. దొంగతనం చేసి శిక్షపడినవాడు, జీతం రాక పారిపోయినవాడు, ఇద్దరూ పట్టికలో ప్రక్కప్రక్కనే చేరవచ్చును. యంత్రం 'ఇతడు వాడే' అని చెప్పగలదు. వాడు ఏ పరిస్థితిలో వాడైనాడో దానికి తెలియదు. కిటికీ వెనుక కూర్చున్నవాడు అడగడు.

మన విమానాశ్రయాలలో ఇదే శాస్త్రం మరొక వేషంలో కనిపిస్తుంది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగుళూరు, వారణాసి విమానాశ్రయాలలో డిజియాత్ర అనే పద్ధతి మొదలైనది. 2023లో హైదరాబాదుకు వచ్చినది. ముఖమే టిక్కెట్టు. ముందుగా తన చేతిఫోనులో వివరాలు నింపుకొన్నవాడు కెమెరా వైపు చూస్తే తలుపు తెరచుకుంటుంది. ఇది ఒకరికి ఒకరు పద్ధతి, ఇష్టమున్నవారికే, దేశంలోపలి ప్రయాణాలకే. విదేశీ ప్రయాణానికి సైతం ముందుగా దరఖాస్తు పెట్టి, ముఖమూ వ్రేళ్ళూ ఇచ్చినవారికి వడిగా దాటిపోయే ద్వారాలు 2024 జూన్‌లో ఢిల్లీలోను, 2025 జనవరిలో హైదరాబాదుతో సహా మరికొన్ని నగరాలలోను తెరచినారు. మంచిదే. వరుసలో గంటసేపు నిలబడడం ఎవరికి ఇష్టం? కాని అదే కప్పు క్రింద, పదవ తరగతి ఉత్తీర్ణుడు కాని కారణంగా పాస్‌పోర్టుమీద వలస తనిఖీ అవసరమన్న గుర్తుతో నిలబడిన సిరిసిల్ల కుర్రవాడు షార్జా విమానానికి వరుసలో ఉంటాడు. ఒకరికి ముఖం చూపితే తలుపు తెరచుకుంటుంది. ఇంకొకరికి కన్ను చూపితే తలుపు మూసుకుంటుందేమోనని గుండె కొట్టుకుంటుంది. శాస్త్రం ఒక్కటే, అడిగేవారి ఉద్దేశం వేరు. 1906లో ట్రాన్సువాలు భారతీయులను బాధించినది ఈ తేడాయే.

అరిగిన వ్రేళ్ళవారికి దారులు లేకపోలేదు. ఆధారు నమోదులో వ్రేళ్ళు పనికిరానివారిని ఐరిస్ ఒక్కదానితోనే చేర్చుకోవచ్చునని, రెండూ వీలుకానివారిని సైతం ప్రత్యేకంగా చేర్చుకోవలెనని 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మరల స్పష్టం చేసినది. పది వ్రేళ్ళలో ఏది బాగుగా చదువబడుతుందో పరీక్షించి, బొటనవ్రేలికి బదులు ఆ వ్రేలినే వాడుకోవచ్చును. చుట్టేటప్పుడు చిటికెనవ్రేలికి అంత రాపిడి ఉండదు. ఈ దారులు ఉన్నవని కిటికీ ముందు నిలిచినవారికి తెలియదు; వెనుక కూర్చున్నవారు చెప్పరు. గాజుపలకను సబ్బునీటితో కడుగుకొని రమ్మనడం సులభం గదా!

గల్ఫునుండి తిరిగివచ్చేవారికి ఇంకొక జాగ్రత్త. బహిష్కరణపై రావడం వేరు, క్షమాభిక్షలో రావడం వేరు. ఎమిరేట్సు ప్రభుత్వం 2024 సెప్టెంబరు 1నుండి డిసెంబరు 31వరకు గడువు ఇచ్చి, వీసా గడచినవారు జరిమానా లేకుండా, మరల రారాదన్న నిషేధం లేకుండా వెళ్ళిపోవడానికి అవకాశం కల్పించినది. వెళ్ళిపోవడానికి అనుమతి కావలెనన్నా, అంతకుముందు వేలిముద్రలు ఇవ్వనివారు ఇవ్వవలసి వచ్చినది. తమను ఏ విధంగా పంపుతున్నారో, నిషేధం ఉన్నదో లేదో అక్కడ ఉండగానే అడిగి, ఇచ్చిన కాగితం భద్రపరచుకొనవలెను. ఆ కాగితం లేనివాడు ఊరికి వచ్చిన తరువాత దళారి మాట నమ్మి, లేని నిషేధానికి భయపడవచ్చును. ఉన్న నిషేధాన్ని ఎరుగక అప్పుచేసి మరల వీసా కొని, అక్కడి విమానాశ్రయంలో కన్ను చూపి, అదే విమానంలో వెనుకకు రావచ్చును.

కోరుట్ల పెద్దామె కొడుకు ఆ క్షమాభిక్ష గడువులోనే వచ్చినాడట. మరల పోవాలని తిరుగుతున్నాడు. అతడు ఆ పూట ఇంట లేడు. కాగితం ఏమైనా ఇచ్చినారా అని అడిగినాను. ఆమె లోపలికి పోయి, బీరువాలోనుండి ప్లాస్టిక్ సంచి ఒకటి తెచ్చి, నాలుగు మడతలు విప్పి నా చేతిలో పెట్టినది. ఏమి వ్రాసి ఉన్నదో చదివి చెప్పమన్నది. కాగితం నిండా అరబ్బీ. నేను విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడను. ఆ కాగితాన్ని అటు త్రిప్పి, ఇటు త్రిప్పి, చివరకు తేదీ ఒకటి పోల్చుకొని, అది మాత్రం ఆమెకు చెప్పినాను.